కంప్యూటరు వేగమును హెచ్చించుట: అందలి అపాయములు, జాగ్రత్తలు



ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కంప్యూటరును గూర్చి ప్రసంగించుటకు ఈతనికేమి పని యని మీకు తోచవచ్చును. ఈ విషయమును నాకు మొదట ఎఱిగించినవాడు మా మనుమడు. అతడు ఇంజనీరింగు విద్యార్థి. సెలవులలో తన యంత్రమును నా యెదుటనే విప్పి, నేనెన్నిమార్లు అడిగినను విసుగక ప్రతి యంశమును విడమఱచి చెప్పెను. అటుపిమ్మట తెలిసినవారు వ్రాసిన వ్రాతలను చదివి, అతడు చెప్పినదానితో సరిచూచుకొంటిని. నావలెనే ఆ విద్యను అభ్యసింపని పెద్దలకు ఉపకరించునను తలంపుతో నేడు మీకు విన్నవించుచున్నాను.

నేడు పల్లెలలో సయితము అనేక గృహములందు కంప్యూటర్లు కలవు. కొనునది మనము. వాడునది మన పిల్లలు. కాని ఆ యంత్రములోనే పొలము కాగితములును, సంఘము లెక్కలును, పరీక్షల దరఖాస్తులును చేరుచున్నవి. డబ్బు మనది, యంత్రము మనుమలది, అందలి లెక్కలు మాత్రము ఊరందఱివి. ఇట్టి యంత్రమును దాని తయారీదారు నిర్ణయించిన వేగమును మించి నడపుట యొకటి యువకులలో వ్యాపించియున్నది. దీనిని వారు ఓవర్‌క్లాకింగ్ అందురు. ఇది చట్టవిరుద్ధము కాదు. దొంగతనమును కాదు. అయినను తెలిసి చేయవలసిన పని. తెలియక చేసినచో నష్టము చేసినవానితోనే ఆగదు.

మొదట ఆ వేగమనగా ఏమో చూతము. కంప్యూటరులో లెక్కలన్నియు చేయునది ప్రాసెసరు. అది అగ్గిపెట్టెయంత వెడల్పుగల బిళ్ళ. దానికి తాళము వేయునట్టి యొక గడియారము కలదు. ఆ గడియారము కొట్టిన ప్రతి దెబ్బకు లోపలి పని ఒక మెట్టు ముందునకు సాగును. పెట్టెమీద 5 గిగాహెర్ట్జ్ అని వ్రాసియున్నచో సెకనుకు 500 కోట్ల దెబ్బలని అర్థము. రెండు దెబ్బల నడుమ వెలుతురు సయితము ఆఱు సెంటీమీటర్లకంటె ఎక్కువ దూరము పోజాలదు. ఈ సంఖ్య సాధారణముగా రెండు సంఖ్యల గుణకారము వలన వచ్చును. మూలవేగము సెకనుకు 10 కోట్లు. దానిని 50తో గుణించిన 500 కోట్లు. ఈ 50ని 51గను, 52గను మార్చుటయే ఓవర్‌క్లాకింగులో ముఖ్యమైన పని.

మార్చినచో ఏమగును? మేడ కట్టుచోట కూలీలు నిచ్చెనపై వరుసగా నిలిచి ఇటుకలను చేతులు మార్చి పైకందించుట మీరు చూచియే యుందురు. వారు పాట పాడుచు, ఆ పాట తాళమునకు సరిగా ఇటుకను ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి అందింతురు. పాటను కొంత త్వరితము చేసిన పనియు త్వరితమగును. ఇంకను త్వరితము చేసినచో ఒకచోట అందుకొనువాని చేయి రాకమునుపే ఇచ్చువాడు విడిచిపెట్టును. ఇటుక జారును. ప్రాసెసరులోపలి అంకెలును ఇట్లే ఒకచోటినుండి మఱియొకచోటికి మాఱుచుండును. తాళము మితిమీఱినప్పుడు ఏదో యొక యంకె సకాలమునకు చేరదు.

అట్లు చేరనపుడు కూలీలకు మఱింత బలము గలుగునట్లు వోల్టేజిని పెంచెదరు. అప్పుడు అంకెలు త్వరగా చేరును. కాని దీని వెల అధికము. ప్రాసెసరు పని చేయునపుడు వెచ్చించు విద్యుత్తు వేగమునుబట్టి నేరుగను, వోల్టేజినిబట్టి దాని వర్గముగను పెరుగును. వేగమును నూటికి 10 పాళ్ళు, వోల్టేజిని నూటికి 10 పాళ్ళు పెంచితిరనుకొనుడు. ఒకటింబావుకంటె ఎక్కువగా, నూటికి 33 పాళ్ళు విద్యుత్తు అధికమగును. ఆ విద్యుత్తంతయు వేడిగా మాఱును. అనగా పదిపాళ్ళ లాభమునకు ముప్పదిమూడు పాళ్ళ వేడిని కొనితెచ్చుకొనుచున్నామన్నమాట.

ఇక తయారీదారు ఆ వేగమునే ఏల నిర్ణయించెను? ఒకే అచ్చున తయారైన బిళ్ళలన్నియు ఒకేవిధముగ నుండవు. ఒక్కొక్కదానిని పరీక్షించి, అది నిశ్చయముగ భరింపగల వేగముకంటె కొంత తక్కువ వేగమును దానికి నిర్ణయింతురు. ఆ తక్కువచేసిన భాగము వృథా కాదు. వేసవి ఎండకు, పంకాలో చేరు దుమ్మునకు, వోల్టేజి హెచ్చుతగ్గులకు, ఏండ్లు గడచినకొలది వచ్చు బలహీనతకు అది కేటాయించిన నిలువ. పండిన ధాన్యమంతయు అమ్ముకొనక విత్తనమునకు కొంత గాదెలో ఉంచుకొనుట యెట్టిదో ఇదియు అట్టిదే. ఓవర్‌క్లాకింగు చేయువాడు కొత్త బలమును సృష్టించుట లేదు. ఆ నిలువను తీసి వాడుకొనుచున్నాడు.

ఒకప్పుడు ఆ నిలువ చాల ఎక్కువగా నుండెడిది. 1998లో ఇంటెల్ సంస్థ విక్రయించిన సెలెరాన్ 300ఏ అను ప్రాసెసరు సెకనుకు 30 కోట్ల తాళములకు నిర్ణయింపబడినది. దాని మూలవేగమును 6 కోట్ల 60 లక్షలనుండి 10 కోట్లకు మార్చినంతనే పెక్కు బిళ్ళలు 45 కోట్లకు నడచినవి. తక్కువ ధరకు ఎక్కువ వేగము దొరకినందున యువకులు సంబరపడిరి. ఆ దశకమునందే కొందఱు వర్తకులు తక్కువ వేగపు బిళ్ళలపై ఎక్కువ వేగపు ముద్రలు వేసి మోసముగా అమ్మినందున, తయారీదారులు గుణకపు సంఖ్యను మార్చుటకు వీలులేకుండ బంధించిరి. నేడు ఇంటెల్ వారి బిళ్ళలలో పేరు చివర ‘కే’ అను అక్షరము గలవానికి ఆ బంధము సడలింపబడియున్నది. ఏఎండీ వారి రైజెన్ బిళ్ళలలో ఎక్కువభాగమునకు ఆ బంధము లేదు.

కాని కాలము మాఱినది. 2008నుండి ఇంటెల్ ప్రాసెసర్లు చల్లదనము చాలినంతవఱకు తమంతట తామే వేగమును పెంచుకొను ఏర్పాటుతో వచ్చుచున్నవి. ఏఎండీ వారివియు అంతియే. అనగా గాదెలోని నిలువను తయారీదారే చాలవఱకు తీసి మనకిచ్చుచున్నాడు. నేటి బిళ్ళను చేతితో ఇంకను పెంచినచో కలుగు లాభము సాధారణముగా నూటికి కొద్దిపాళ్ళు మాత్రమే. నష్టపు హద్దు మాత్రము అతి సమీపమున నున్నది. ఈ యొక్క సంగతిని యువకులు గ్రహించిన చాలును, సగము అపాయము తప్పును.

అపాయములు మూడువిధములు. మొదటిది వేడి. ఇది కనబడు శత్రువు. ప్రాసెసరు దాదాపు 95 లేక 100 డిగ్రీలకు చేరినపుడు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని తాళజాలనిచో యంత్రమే ఆగిపోవును. కావున నేటి బిళ్ళలు వేడివలన ఒక్కసారిగ మాడుట అరుదు.

రెండవది ఆయుఃక్షయము. బిళ్ళలోపలి తీగెలు మన కంటికి కనబడనంత సన్ననివి. అధిక విద్యుత్తు ప్రవహించినపుడు ఏటినీరు ఒడ్డును కోసినట్లు ఆ తీగెలలోని లోహపు అణువులను మెల్లగా త్రోసికొనిపోవును. వేడి యెక్కువైనకొలది ఆ కోత త్వరితమగును. ఒకనాడు చక్కగా నడచిన వేగము కొన్ని నెలల పిమ్మట నడవకపోవుటకు ఇట్టి యరుగుదల కారణము కావచ్చును. తయారీదారుల సొంత యేర్పాటులయందే ఇట్టివి సంభవించినవి. 2023లో ఏఎండీ వారి ఒక తరగతి బిళ్ళలు కొన్ని కాలిపోయినవి. జ్ఞాపకఫలకముల వేగమును, అనగా ర్యాము వేగమును, పెంచు ఏర్పాటును ఉపయోగించినపుడు కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసరులోని యొక భాగమునకు అధిక వోల్టేజిని ఇచ్చుచుండుటయే కారణమని తేలెను. అంతట ఆ వోల్టేజి 1.3 మించకుండునట్లు హద్దు విధించిరి. 2024లో ఇంటెల్ వారి 13వ, 14వ తరముల బిళ్ళలలో కొన్ని అస్థిరములగుటకు కారణము వోల్టేజి హెచ్చుగా నుండి లోపలి భాగము త్వరగా అరుగుటయేయని ఆ సంస్థయే ప్రకటించి, దిద్దుబాటు చేసి, హామీకాలమును రెండేండ్లు పొడిగించెను. ఇందులో గమనింపవలసినదేమనగా, వేడికి కావలి యున్నది గాని, మెల్లని యరుగుదలకు అట్టి కావలి లేదు.

మూడవది అన్నిటికంటె గొప్పది: మౌనముగా జరుగు తప్పు. ఇటుక జారినపుడు కొన్నిసార్లు పని మొత్తము ఆగును. తెర నీలిరంగు దాల్చి యంత్రము మరల మొదలగును. అది మేలు, ఏలయన తెలిసిపోవును. కొన్నిసార్లు ఏమియు ఆగదు, ఒక అంకె మాత్రము మాఱిపోవును. మైక్రోసాఫ్టు సంస్థ పరిశోధకులు దాదాపు పదిలక్షల గృహ కంప్యూటర్లనుండి వచ్చిన సమాచారమును పరిశీలించి 2011లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ యంత్రములలో, ప్రాసెసరు దోషమువలన కూలినవి మామూలు వేగమున దాదాపు 400కు ఒకటి. వేగము పెంచినవానిలో ఒక తయారీదారు బిళ్ళలకు 21కి ఒకటి, మఱియొకరి బిళ్ళలకు 86కు ఒకటి. ఇవి కూలినవి గనుక లెక్కకు వచ్చినవి. కూలక తప్పు చేసినవి లెక్కకు రావు.

తప్పు ఎట్లుండునో యొక యుదాహరణము వినుడు. 2021లో ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లు తమ యంత్రశాలలోని యొక ప్రాసెసరును గూర్చి వ్రాసిరి. 1.1ని 53 మార్లు గుణించి, దశాంశమును విడిచిన 156 రావలెను. ఆ బిళ్ళ సున్న యని చెప్పెను. తక్కిన లెక్కలలో కొన్నిటిని సరిగానే చేయుచుండెను. అది వేగము పెంచిన బిళ్ళ కాదు, స్వతః దోషము గలది. అయినను పొగ లేక, శబ్దము లేక, ఒక్క అంకె అబద్ధమాడుట యెట్లుండునో దీనివలన తెలియుచున్నది.

మాకు సమీపమున నున్న యొక గ్రామమున పాలసంఘము లెక్కలను ఒక యింటి కంప్యూటరులో వ్రాయుచుండిరి. ఆ యింటి కుఱ్ఱవాడు ఆటలు చక్కగా సాగుటకై ర్యాము వేగమును హెచ్చించెను. ర్యామును నడపు భాగము నేడు ప్రాసెసరులోనే యుండును గనుక ఇదియు ఓవర్‌క్లాకింగులోని శాఖయే. ఆటలు చక్కగా సాగినవి. పదునైదు దినములకు లెక్కల దస్త్రము తెఱచుకొనలేదు. పాత ప్రతిని తెఱచి చూడగా రెండు కుటుంబముల మొత్తములు వారి చీటీలతో సరిపడలేదు. మా మనుమడు పోయి రాత్రియంతయు ర్యామును పరీక్షింపగా పదుల తప్పులు బయటపడినవి. వేగమును మామూలునకు దించి మరల పరీక్షింపగా ఒక్క తప్పైనను లేదు. అదృష్టవశమున కాగితపు చీటీలు భద్రముగా నుండెను. వానినిబట్టి లెక్కలన్నియు తిరిగి వ్రాసికొనిరి. చీటీలు లేకున్నచో ఆ రెండు కుటుంబముల మాట ఎవరు నమ్మియుందురు? యంత్రము తప్పు చేయదని మనము నేర్చుకొన్నాము గదా!

కావున నేను చెప్పదలచినది ఒక్కటే. ఇతరులు నమ్మి ఆధారపడు లెక్కలున్న యంత్రమును వేగము పెంచి నడపరాదు. ఆటలకు, అభ్యాసమునకు, స్వంత ముచ్చటకు వేఱుగా నుంచిన యంత్రమును పెంచుకొనవచ్చును. నిలువ ఎవరిదో దానిని తీయు హక్కు వారిదే. ఊరి లెక్కలకు కావలియున్న నిలువ ఒక కుఱ్ఱవాని ముచ్చటకు చెందదు.

ఇక వేఱు యంత్రమున్నది, పిల్లవానికి నేర్చుకొను తలంపున్నది, చేయుచున్నాడు. అప్పుడు వానిని అడ్డగింపక ఈ క్రింది పద్ధతిని పాటింపజేయుడు.

మొదట దస్త్రములన్నిటిని వేఱొకచోట భద్రపఱుపవలెను. హామీపత్రమును చదువవలెను. వేగము పెంచినందున కలిగిన నష్టమునకు తయారీదారుల మామూలు హామీ సాధారణముగా వర్తింపదు. ఒడిలో పెట్టుకొని వాడు ల్యాప్‌టాప్‌ల జోలికి పోరాదు. వానిలో వేడి వెడలుటకు తగిన చోటు లేదు.

రెండవది, చల్లదనమును కరెంటును సరిచేయవలెను. పంకాలోని దుమ్ము తుడువవలెను. ప్రాసెసరునకు హీట్‌సింకునకు నడుమ రాయు థర్మల్ పేస్టు ఎండిపోయినచో మార్చవలెను. నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్.ను నమ్మరాదు. గోడ ప్లగ్గునకు ఎర్తు ఉండవలెను.

మూడవది, బయోస్ అను మూల యేర్పాటులోని పాత సంఖ్యలనన్నిటిని కాగితముపై వ్రాసికొనవలెను. పిమ్మట ఒకసారికి ఒక్క సంఖ్యనే మార్చవలెను. గుణకమును ఒక్క మెట్టు పెంచుట, పరీక్షించుట, మరల ఒక్క మెట్టు. ప్రాసెసరును పరీక్షించునంతకాలము ర్యామును మామూలు వేగముననే యుంచవలెను. రెంటిని ఒకేసారి మార్చినచో తప్పు ఎవరిదో తెలియదు.

నాల్గవది, వోల్టేజి విషయమున లోభిగా నుండవలెను. తయారీదారు చెప్పిన హద్దును ఎన్నడును దాటరాదు. వోల్టేజిని మదర్‌బోర్డు ఇష్టమునకు విడువరాదు. అది యంత్రము కూలకుండుటకై అవసరమునకు మించి ఇచ్చుట కలదు. ఎంత యిచ్చుచున్నదో చూచి, చేతితో నిర్ణయింపవలెను.

ఐదవది, పరీక్ష. గంటసేపు ఆట నడచిన చాలునని పిల్లలందురు. చాలదు. ప్రైమ్95 అను ప్రోగ్రామొకటి కలదు. మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకై 1996నుండి వాడుకలో నున్నది. అది తెలిసిన సమాధానములతో తన లెక్కను సరిపోల్చుకొని, తేడా కనబడిన వెంటనే తెలుపును. అందుచేత దానిని పరీక్షకు వాడుదురు. కొన్ని గంటలు దానిని నడపి, ఉష్ణమును కనిపెట్టుచు, 85 డిగ్రీలకు లోబడియుండునట్లు చూచుకొనుట మేలు. ర్యామునకు మెమ్‌టెస్ట్86 అను పరీక్షను రాత్రియంతయు నడపవలెను. ఒక్క తప్పు వచ్చినను ఆ వేగము పనికిరాదు. నూటికి తొంబది మార్కులు వచ్చినవి గదా యని ఇక్కడ సమాధానపడరాదు. దొరకిన పై హద్దునుండి ఒకటి రెండు మెట్లు దిగి నిలువవలెను.

ఆఱవది, మన ఎండలను మఱువరాదు. పంకా ప్రాసెసరును గదిగాలికంటె చల్లబఱుపజాలదు. గది 25 డిగ్రీలున్న పుష్యమాసమున 80 డిగ్రీలు చూపినది, గది 42 డిగ్రీలున్న వైశాఖమున అదే పనికి దాదాపు 97 డిగ్రీలు చూపును. రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. చలికాలపు పరీక్షను వేసవిలో మరల చేయవలెను, లేదా వేసవికి మునుపే వేగమును దించవలెను.

యంత్రము మొదలు కాక మొరాయించినచో భయపడవలదు. కరెంటు తీగెను ఊడదీసి, మదర్‌బోర్డుపై నున్న బిళ్ళబ్యాటరీని కొంతసేపు తీసి మరల పెట్టినచో సాధారణముగా పాత యేర్పాటులు తిరిగివచ్చును. బోర్డుతో వచ్చిన పుస్తకములో సరియైన పద్ధతి యుండును.

2022 చివర ద్రవహీలియముతో ఒక ప్రాసెసరును సెకనుకు 900 కోట్ల తాళములు దాటించిరి. ఆ ద్రవపు చల్లదనము సున్నకు దిగువ 269 డిగ్రీలు. అది కొలది క్షణముల ప్రదర్శనము. ఆ చిత్రములను చూచి పిల్లలు ద్రవనత్రజనివంటివానిని ఇంటికి తెచ్చుటకు యత్నించినచో కఠినముగ వారింపుడు. అవి చర్మమును కాల్చును. మూసిన గదిలో ఆవిరియై ఊపిరిని హరించును.

వేగమునకు ఎదురుదారియు ఒకటి కలదు. పెక్కు బిళ్ళలు తమకిచ్చు వోల్టేజికంటె కొంచెము తక్కువతోనే అదే వేగమున నడువగలవు. అట్లు తగ్గించుటను అండర్‌వోల్టింగ్ అందురు. వేడియు కరెంటును తగ్గును. కాని ఇందును ఆ నిలువలోనిదే కొంత పోవును గనుక అదే పరీక్ష అవసరము. ఇదియు ఊరి లెక్కల యంత్రమున చేయదగినది కాదు.

మీ యింటి పిల్లవాడు ఈ పనికి పూనుకొన్నచో కంప్యూటరు విద్య రాకున్నను మీరు నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఈ యంత్రములో ఎవరి లెక్కలున్నవి? పాత సంఖ్యలు వ్రాసికొంటివా? ఎన్ని గంటలు పరీక్షించితివి, తప్పులెన్ని వచ్చినవి? అమ్మునాడు కొనువానికి ఈ సంగతి చెప్పెదవా? ఈ నాలుగింటికి తడబడక సమాధానము చెప్పిన పిల్లవానికి ఆ పనిని నిశ్చింతగా విడువవచ్చును. వాడు నేర్చుకొనుచున్నాడు. మొదటి ప్రశ్నకే నీళ్ళు నమలినచో, ఆ రాత్రికే వేగమును మామూలునకు దింపించి, లెక్కలకు కాగితపు ప్రతి యున్నదో లేదో చూచుకొనుడు.